కోపానికి మార్కులు

నాకు కోపం ఎక్కువ. ఇది నా అంతట నేను చెప్పుకుంటున్న మాట కాదు, మా ఆయన బర్నబాస్ పొద్దస్తమానం దెప్పే మాటా కాదు. బాపట్లలో చదువుకున్నవాళ్ళు లెక్కలు కట్టి మరీ తేల్చారు. తెనాలి నుంచి రేపల్లె దాకా ఉన్న బాల్వాడీ టీచర్లందరిలోనూ ఓర్పులో అట్టడుగున ఉన్నది అడవులదీవి సుగుణమ్మ, అంటే నేను. "పోన్లే, ఒక చివర్నించి చూస్తే ఫస్టు నువ్వేగా" అని మా ఆయన నవ్వాడు. ఆ పూట ఆయన అన్నం ఆయనే వడ్డించుకున్నాడు.

అది ఎనభై ఏడో సంవత్సరం. మా ఊళ్ళో మగాళ్ళు చేపల వేటకి, ఆడాళ్ళు నాట్లకి, కోతలకి వెళ్ళిపోతే పిల్లల గుంపంతా నా దగ్గరే ఉండేది. ముక్కులు తుడవడం, ఉప్మా పెట్టడం, పాటలు నేర్పడం, జుట్లు పట్టుకుంటే విడదీయడం నా పని. ఈ పనికి ఓర్పు కావాలని అందరూ అంటారు. ఓర్పొక్కటే ఉంటే ఆ పిల్లలు మన నెత్తినెక్కి కూర్చుంటారు. గొంతు కూడా ఉండాలి. అది నాకు దేవుడు దండిగా ఇచ్చాడు.

మా మీద సూపర్‌వైజర్లుగా ఎప్పుడూ బయటివాళ్ళే వచ్చేవాళ్ళు. జీపు దిగకుండానే ముక్కుకి చేతిగుడ్డ పెట్టుకునేవాళ్ళు. "పిల్లలకి చేతులు కడిగిస్తున్నారా?" అని అడిగేవాళ్ళు. కడగడానికి నీళ్ళెక్కడున్నాయో మాత్రం ఒక్కరూ అడిగేవాళ్ళు కాదు. ఉప్పునీటి ఊళ్ళో మంచినీళ్ళు మోసుకొచ్చే బాధ జీపులో కూర్చున్నవాళ్ళకి ఎలా తెలుస్తుంది? అందుకే బాల్వాడీ పథకం ఆఫీసరు రాజారత్నం గారు రేపల్లె మీటింగులో "ఈసారి రేపల్లె వైపుకి సూపర్‌వైజర్ని మీ టీచర్లలోంచే తీసుకుంటాం" అనేసరికి నేను బెంచీ మీద నిటారుగా కూర్చున్నాను.

దాచుకోవడం ఎందుకు, ఆ ఉద్యోగం నాకు కావాలి. మామూలుగా కాదు, చచ్చేంత కావాలి. మా వైపు ఊళ్ళన్నీ తిరగాలి, ఏ బాల్వాడీలో కప్పు కారుతుందో, ఎక్కడ నూనె డబ్బా మధ్యలోనే మాయమైపోతుందో పట్టుకుని ఆఫీసులో బల్ల గుద్ది అడగాలి. అడిగే నోరు నాకుంది, అడిగే హోదానే లేదు. పిల్లలు నిద్రపోయే వేళ గోడకి చేరగిలబడి ఆ కుర్చీలో నన్ను నేను ఊహించుకుని, ఎవరైనా చూశారేమోనని సిగ్గుపడి లేచేదాన్ని.

అయితే ఎవర్ని తీసుకోవాలో తేల్చడానికి ఆఫీసరు ఒక కొత్త పద్ధతి పెట్టారు. తెనాలి దగ్గర రైతుల ఇంటి అమ్మాయి చంద్రకళ బాపట్లలో ఉండి పరిశోధన చేస్తోంది. మనుషుల నడవడిని కొలవడం మీద. ఎదుటివాళ్ళతో ఎలా మాట్లాడతారు, చెప్పింది ఎంత వింటారు, నలుగురితో ఎలా కలుస్తారు, కోపాన్ని ఎలా ఆపుకుంటారు, వీటన్నిటికీ మార్కులు వేసే కాగితం ఒకటి తయారు చేసింది. ఈ సంగతి మా ఆయనతో చెబితే "మా మిల్లులో బియ్యం కొలిస్తేనే తేడా వస్తోంది, మనిషి గుణాన్ని ఎలా కొలుస్తారే?" అన్నాడు. ఆయన రేపల్లెలో రైసు మిల్లు గుమాస్తా.

ఆ కాగితంలో వాక్యాలుంటాయి. "ఇతరులు చెప్పేది పూర్తిగా వింటాను." "నాకు త్వరగా కోపం రాదు." "తోటివారి మంచిని మెచ్చుకుంటాను." ఒక్కోదాని ఎదురుగా గళ్ళు. ఎల్లప్పుడూ, తరచుగా, అప్పుడప్పుడు, అరుదుగా, ఎన్నడూ లేదు. మనకి సరిపోయిన గడిలో టిక్కు పెట్టాలి. చంద్రకళ స్వయంగా రేపల్లె వచ్చి మా చేత రాయించుకోవాల్సింది, కానీ ఆ వారం ఆ అమ్మాయికి జ్వరం తగిలింది. కాగితాల కట్టని రేపల్లెలో మా పాస్టరమ్మగారికి పంపించి, "మీ కూటాలకి టీచర్లందరూ వస్తారట కదండీ, అక్కడే రాయించి పెట్టండి" అని కబురు చేసింది. తప్పంతా అక్కడే జరిగింది. తప్పని ఎవరికీ తెలియదు, అంతే.

రేపల్లె వైపు బాల్వాడీ టీచర్లం ఇంచుమించు అందరం లూథరన్ సంఘాలవాళ్ళమే. ఏడాదికోసారి స్త్రీల ప్రార్థన కూటాలకి రేపల్లెలో కలుస్తాం. ఆదివారం సంస్కారం, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడం. దానికి ముందు శనివారం సాయంత్రం సిద్ధపాటు ఆరాధన ఉంటుంది. ఆ రోజు ఎవరి తప్పులు వాళ్ళు తలుచుకుని దేవుడి ముందు ఒప్పుకోవాలి. ఎవరితోనైనా మాటలు లేకపోతే వెళ్ళి కలుపుకోవాలి. కలుపుకోలేకపోతే మర్నాడు సంస్కారానికి లేవకూడదు. చిన్నప్పటి నుంచీ మాకు నరనరాన పట్టిన పద్ధతి ఇది.

నాకూ నాగమ్మకీ అప్పటికి కొన్ని నెలలుగా మాటలు లేవు. నాగమ్మది మా పక్క పాలెం, అక్కడి బాల్వాడీ టీచరు. చూడ్డానికి వెన్నముద్దలా ఉంటుంది, పల్లెత్తు మాట అనదు, ఎవరేమన్నా తలొంచుకుంటుంది. పీతల మీద, రొయ్యల మీద అంకెలు వచ్చేలా నేనొక పాట కట్టి మా పిల్లలకి నేర్పాను. ఆఫీసరు వచ్చినరోజు నాగమ్మ తన పిల్లల చేత అదే పాట పాడించింది. ఆయన "ఎంత బాగుందమ్మా!" అంటే, పాట సుగుణమ్మది అన్న ఒక్క ముక్క దాని నోట్లోంచి ఊడిపడలేదు. భయంతో నోరు రాలేదని తరవాత ఎవరితోనో అందట. భయమేంటండీ భయం! నేను దాని గుమ్మంలోకి వెళ్ళి, ఊరంతా వినేలా దులిపేసి వచ్చాను. ఆ తరవాత మాటలు బంద్.

ఆ శనివారం ఆరాధన అయిపోగానే, కళ్ళింకా తడిగా ఉండగానే, పాస్టరమ్మగారు కాగితాలు పంచారు. "ఇవి మీ నడవడి గురించమ్మా. దేవుడు చూస్తున్నాడని గుర్తుపెట్టుకుని రాయండి" అన్నారు. ఆ తల్లి మంచికే అన్నది. ఇంకేముంది! కాగితం కూడా సిద్ధపాటులో భాగమే అనుకున్నాం. "నాకు త్వరగా కోపం రాదు" అన్న చోట నాగమ్మని దులిపిన రోజు గుర్తొచ్చి, ఎన్నడూ లేదు అన్న గడిలో కన్నీళ్ళతో టిక్కు పెట్టాను. నా పక్కన కూర్చున్నామె "తోటివారి మంచిని మెచ్చుకుంటాను" దగ్గర ఆగి, తోడికోడల్ని తలుచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఒకామె పొరపాటున ఎల్లప్పుడూ అన్నదానికి టిక్కు పెట్టి, "అయ్యో, ఎంత గర్వం!" అని రబ్బరు అడిగి తుడిచేసుకుంది. ఆ రోజు ఎవరు ఎంత చెడ్డవాళ్ళో రాసుకోవడంలో మేమంతా ఒకరిని మించి ఒకరం పోటీ పడ్డాం. మర్నాడు నేను సంస్కారానికి లేవలేదు. నాగమ్మా లేవలేదు.

నెల తిరిగేసరికి రాజారత్నం గారు రేపల్లె మీటింగుకి మొహం మాడ్చుకుని వచ్చారు.

"ఏంటమ్మా ఇది? తెనాలి వైపు టీచర్లకి మంచి మార్కులొచ్చాయి. మీవైపు వాళ్ళకి సహనం లేదు, సఖ్యత లేదు, వినే గుణం లేదు. పిల్లల్ని మీ చేతుల్లో ఎలా పెట్టామా అని నాకు భయం వేస్తోంది. సూపర్‌వైజర్ని మళ్ళీ బయటినుంచే తెచ్చుకుంటాం" అన్నారు. అందరికన్నా తక్కువ ఎవరికో కూడా చదివి వినిపించారు.

నా ఒళ్ళు మండిపోయింది. అవమానం ఒకెత్తు, కుర్చీ పోవడం ఒకెత్తు. ఇంటికి వచ్చి ఏడ్చాను, ఆ తరవాత గిన్నెలన్నీ తోమాను, తోమినవే మళ్ళీ తోమాను. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి రేపల్లె, అక్కడ రైలు బండెక్కి తెనాలి, తెనాల్లో బండి మారి బాపట్లలో దిగాను. ఆ చంద్రకళ ఎవరో, నన్ను ఏ తక్కెడలో పెట్టి తూచిందో కనుక్కుని కడిగేద్దామని దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వెళ్ళాను.

తీరా చూస్తే అద్దె గదిలో నేలమీద కాగితాలు పరుచుకుని, నూనె లేని జుట్టుతో, సగం తిన్న ఇడ్లీ పక్కన పెట్టుకుని ఒక పిల్ల కూర్చుని ఉంది. మా పెద్దమ్మాయి వయసు ఉంటుంది.

"అడవులదీవి సుగుణమ్మని నేను. నాకు ఓర్పు లేదన్నది మీరేనా?" అన్నాను గుమ్మంలోంచే.

ఆ పిల్ల గాభరాగా లేచి, "మీరా అండీ! రండి, కూర్చోండి. అంత దూరం నుంచి వచ్చారు, ముందు ఏమైనా తిన్నారా?" అంది.

కడిగేద్దామని కూర్చుకున్న మాటలు సగం అక్కడే జారిపోయాయి. అయినా తమాయించుకుని, "తిండి సంగతి తరవాతమ్మా. మా వైపు వాళ్ళమంతా రాక్షసులమా? అదేం లెక్క?" అన్నాను.

"నాకూ అదే అర్థం కావట్లేదండీ" అంది చంద్రకళ. నా చేతికి మంచినీళ్ళ గ్లాసిచ్చి ఎదురుగా కూర్చుంది. "మామూలుగా ఎవరైనా తమ గురించి కాస్త ఎక్కువే రాసుకుంటారు. దానికి తగ్గట్టు లెక్క కూడా వేసుకున్నాను. తమని తాము ఇంత కిందకి దించుకున్నవాళ్ళని ఎక్కడా చూడలేదు. అసలు మీరందరూ అలా ఎందుకు రాశారండీ?"

"సిద్ధపాటు రోజు ఇంకెలా రాస్తాం?"

"సిద్ధపాటు అంటే?"

ఆ అమ్మాయి హిందువుల పిల్ల, పాపం ఆమెకేం తెలుస్తుంది! మొత్తం చెప్పాను. ఆరాధన, ఒప్పుకోలు, పాస్టరమ్మగారు అన్న మాట, రబ్బరు పెట్టి తుడుచుకున్నామె, తోడికోడల్ని తలుచుకుని ఏడ్చినామె. వింటూ వింటూ చంద్రకళ నెత్తిన చేతులు పెట్టుకుంది. తరవాత నవ్వింది. నవ్వుతూనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నేను ఉద్యోగానికి కొలత పంపిస్తే మీరు పాపాలు రాసి పంపించారన్నమాట" అంది.

"మరి జ్వరం తగ్గేదాకా ఆగలేకపోయావా తల్లీ?" అన్నాను. కోపంగానే అన్నాననుకున్నాను, కానీ నాకూ నవ్వొచ్చేసింది. ఆ మధ్యాహ్నం ఆ గదిలోనే ఇద్దరం అన్నం తిన్నాం. నన్ను బండెక్కించేముందు, ఆఫీసరుతో మాట్లాడి మళ్ళీ రాయించే ఏర్పాటు చేస్తానని మాటిచ్చింది. మాట నిలబెట్టుకుంది కూడా.

ఈసారి తెనాలి ఆఫీసులోనే రాయాలన్నారు. ఇది సూపర్‌వైజరు ఉద్యోగానికి, గుడి సంగతి కాదు, ఎవరి గురించి వాళ్ళు ఉన్నదున్నట్టు రాయాలి అని ముందే కబురు పెట్టారు. రేపల్లెలో పొద్దున బండిలో అందరం ఒకే పెట్టెలో ఎక్కాం. నాగమ్మ మాత్రం అవతలి కిటికీ దగ్గర కూర్చుంది. దారంతా ఒకటే గోల.

"ఈసారి అన్నిటికీ ఎల్లప్పుడూ అని కొట్టేద్దామే" అంది ఒకామె.

"మరీ అన్నిటికీ అయితే అనుమానం వస్తుంది. మధ్యలో రెండు తరచుగా పడేద్దాం" అంది ఇంకొకామె.

"నువ్వు కూడా అలాగే రాయి సుగుణమ్మా. పిచ్చిదానిలా నిజాలు రాస్తూ కూర్చోకు, ఆ కుర్చీ మీద ఎవరికి ఆశుందో మాకు తెలీదా?" అని నా భుజం తట్టారు. రాద్దామనే నేనూ అనుకున్నాను. ఒట్టు, అదే అనుకున్నాను.

తెనాలి ఆఫీసులో మేడమీద హాలు. బెంచీల మీద కూర్చున్నాం. చంద్రకళ తనే కాగితాలు పంచింది. పెన్సిలు పట్టుకున్నాను. "నాకు త్వరగా కోపం రాదు." ఎల్లప్పుడూ అన్న గడి మీద పెన్సిలు పెట్టాను. చెయ్యి కదలదే! అదే వాక్యం, అదే గడి. ఆ రోజు దేవుడి ముందు ఒకటి రాసి, ఈ రోజు ఆఫీసరు ముందు ఇంకొకటి రాయనా? ఆయనకి చెప్పింది నిజమైతే ఈయనకి చెప్పేది ఏమవుతుంది? నా మీద నాకే ఎక్కడలేని కోపం వచ్చింది. కోపం రాదు అని రాయబోతూ కోపంతో ఊగిపోతున్నానంటే నాకన్నా పిచ్చిది ఇంకెవరుంటారు! పళ్ళు బిగించి, కిందటిసారి పెట్టిన చోటే టిక్కులు పెట్టుకుంటూ పోయాను. కాగితం ఇచ్చేసి, కుర్చీ పోయింది అనుకుని, వరండాలోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

మధ్యాహ్నానికి లెక్కలు తేలాయి. రాజారత్నం గారు వచ్చి కూర్చున్నారు. చంద్రకళ మొహం పాలిపోయి ఉంది.

"సార్, మొదటిసారి అందరూ పాపులు. ఈసారి అందరూ దేవతలు" అంది. "రెండుసార్లూ ఒకేలా రాసింది ఒక్కరే. సుగుణమ్మగారు."

"అంటే ఆవిడకి రెండుసార్లూ ఓర్పు లేదనేగా?" అన్నారాయన. హాలంతా కిసుక్కుమంది. నేను నేలకేసి చూస్తూ కూర్చున్నాను.

"కాదు సార్, ఆవిడ మాటని నమ్మొచ్చు అని" అంది చంద్రకళ. "మిగతావాళ్ళ మార్కులు నేను నమ్మలేకపోతున్నాను."

"నమ్మకాలతో ఉద్యోగాలివ్వలేమమ్మా. నాకు ఇవాళ ఒక పేరు కావాలి. ఎక్కువ మార్కులెవరికి?"

చంద్రకళ పై కాగితం తీసి చూసింది. ఆ తరవాత మెల్లగా, "నాగమ్మగారికి" అంది.

ఇంకెవరికి ఇచ్చినా ఇంత బాధ ఉండేది కాదు. దానికా! పాట దానిదైపోయింది, ఇప్పుడు కుర్చీ కూడా దానిదే. రేపట్నుంచి అది మా ఊరొచ్చి నా పిల్లల చేతులు చూస్తుంది. లేచి వెళ్ళిపోదామని కొంగు దోపుకున్నాను.

"లేమ్మా నాగమ్మా" అన్నారు ఆఫీసరు.

నాగమ్మ లేచింది. ఎప్పట్లాగే తలొంచుకుంది. "నాకొద్దండి" అంది.

"వద్దా? ఏం?"

"నాకు కోపం రాదని రాశానండి. అది అబద్ధం కాదండి. నిజంగానే రాదు." కొంగు కొస వేలికి చుట్టుకుంది. "నాకు కోపం రాదండి, ఏడుపొస్తుంది. మొన్న ముసురుపట్టి బస్సులు ఆగిపోయినప్పుడు మా చిన్నోడికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. నేనేం చేశానో తెలుసా అండి? గోడకి ఆనుకుని ఏడుస్తా కూర్చున్నాను. బిడ్డ కళ్ళు లోపలికి పోతున్నా కూర్చునే ఉన్నాను. ఎవరు చెప్పారో ఏంటో, పక్కూర్నుంచి మోకాలు లోతు బురదలో ఇది వచ్చింది" అని నా వైపు చెయ్యి చూపించింది.

నేను తలెత్తలేదు. ఆ సంగతి నేనెవరితోనూ అనలేదు. చెప్పుకోవలసిన సంగతని కూడా నాకు తోచలేదు. పిల్లోడికి బాగా లేదని తెలిస్తే ఎవరైనా వెళతారు.

"దానికీ నాకూ మాటలు లేవండి. లోపలికొచ్చి కూడా నాతో మాట్లాడలేదు. నా మొహం చూళ్ళేదు. పొయ్యి రాజేసి, నీళ్ళు కాచి, ఉప్పు, పంచదార కలిపి, బిడ్డని ఒళ్ళో వేసుకుని చెంచాతో పడతానే ఉంది. వాడు కక్కుతానే ఉన్నాడు, ఇది పడతానే ఉంది. సాయంత్రానికి వాడు కళ్ళు తెరిచి అమ్మా అన్నాడు. అప్పుడు వాణ్ణి నా ఒళ్ళో పడేసి, అప్పుడు కూడా నాతో మాట్లాడకుండానే విసురుగా వెళ్ళిపోయింది." నాగమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "కోపం తగ్గాక ఎవరైనా వస్తారండి. ఇది కోపంతోనే వచ్చింది. మీ కాగితంలో దానికి గడి ఎక్కడుందండి?"

చంద్రకళ పెన్ను తీసి తన కాగితం మీద ఏదో కొట్టేసి, పక్కన గబగబా రాసుకుంటోంది. రాస్తూ రాస్తూ ముక్కు ఎగబీల్చింది.

"అయితే ఆ ఉద్యోగం ఎవరికివ్వమంటావు?" అన్నారు రాజారత్నం గారు.

"దానికేనండి."

ఇక నేను ఆగలేకపోయాను. చివాలున లేచాను. "దాని జాలి నాకేం అక్కర్లేదండి! దానికొచ్చిన మార్కులు దానివి. నాకివ్వాలనుకుంటే మా ఊరొచ్చి తల్లుల్ని అడిగి ఇవ్వండి. నేనెవర్ని తిట్టానో, ఎందుకు తిట్టానో, తిట్టి ఏం చేశానో అడగండి. అంతేకానీ ఇలా ఒకళ్ళు వదిలేస్తే తీసుకోడానికి నేనేమీ..." మాట పూర్తి కాలేదు, ఏడుపొచ్చేసింది. నలుగురిలో ఏడవడమంటే నాకు మహా అసహ్యం. అయినా ఏడ్చాను.

ఆఫీసరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నాగమ్మా, ఈవిడ మీ మీద సూపర్‌వైజరైతే ఏం చేస్తుంది?"

"తిడుతుందండి."

"సుగుణమ్మా, ఏం చేస్తారు?"

"తిడతానండి" అన్నాను ముక్కు తుడుచుకుంటూ. "పని చెయ్యకపోతే ఎవర్నయినా తిడతాను. మీ ఆఫీసు నూనె పంపకపోతే మిమ్మల్ని కూడా అడుగుతాను."

హాలంతా ఘొల్లుమంది. రాజారత్నం గారు కూడా నవ్వేశారు. చంద్రకళ లేచి, "సార్, ఈవిడ అన్నదే సరైన పద్ధతి. ఈవిడతో పాటు ఊళ్ళన్నీ తిరుగుతాను. మీరు మంచివాళ్ళా అని ఎవరినీ వాళ్ళ గురించి అడగను. మీకు కష్టం వచ్చినప్పుడు ఎవరొచ్చారు, వచ్చి ఏం చేశారు అని పక్కవాళ్ళని అడుగుతాను. నా కాగితం మొత్తం మళ్ళీ రాసుకుంటాను" అంది. ఏడాది పాటు చేసిన పని పారేస్తున్న మనిషి మొహంలా లేదు ఆ అమ్మాయిది. ఎప్పుడెప్పుడు బయల్దేరదామా అన్నట్టుంది.

"మూడు నెలలు సూపర్‌వైజరుగా చెయ్యండి సుగుణమ్మా" అన్నారు ఆఫీసరు. "ఈ అమ్మాయి మీతో తిరిగి ఏం రాస్తుందో చూసి ఖాయం చేస్తాను. సోమవారం నుంచి వస్తారా?"

వస్తానని తల ఊపాను.

అందరూ నా చుట్టూ మూగి వీపు మీద చరిచారు. "మేం రాయమని చెప్పిన దారిలో నువ్వు రాయకపోయినా కుర్చీ కొట్టేశావే!" అని ఒకామె నా బుగ్గ గిల్లింది. చంద్రకళ నా చెయ్యి పట్టుకుని, ముందు ఏ ఊరికి వెళదామని అడిగింది. అన్నిటికీ ఏదో ఒకటి చెబుతున్నాను కానీ నా కళ్ళు మాత్రం నాగమ్మ కోసమే వెతుకుతున్నాయి. అది ఎవరికీ కనపడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

నేనూ గబగబా మెట్లు దిగాను. అది రోడ్డు పక్కన ఒక సోడాకొట్టు నీడన, సంచి కాళ్ళ దగ్గర పెట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి తలొంచుకుంది. దానితో ఎన్నో అనాలనుకున్నాను. చిన్నోడు ఎలా ఉన్నాడని అడగాలనుకున్నాను. నువ్వు అలా లేచి మాట్లాడతావని నేను కల్లో కూడా అనుకోలేదే అని చెప్పాలనుకున్నాను.

నాగమ్మ కళ్ళెత్తి నా వైపు చూసింది. "కోపం పోయిందా?" అంది చిన్నగా.

"పోలేదు" అన్నాను. వంగి దాని సంచి లాక్కుని నా భుజానికి తగిలించుకున్నాను. "ఇక్కడే నిలబడి ఏడుస్తా కూర్చుంటావా ఏంటి? అవతల రేపల్లె బండి వెళ్ళిపోద్ది. నడువు."